డేగ సంగతి చెప్పిన పిల్లవాడు

తెల్లదొరల సినిమా అంటే కోటలు, గుర్రపు బగ్గీలు, నున్నటి ఇంగ్లీషు అనుకునేవాళ్లం. ఒక వేసవి సెలవుల్లో టీచర్లం కొందరం ల్యాప్‌టాప్ చుట్టూ చేరి ‘కెస్’ చూశాం. అందులో మాకు మా బడే కనిపించింది.

1969లో కెన్ లోచ్ తీసిన సినిమా అది. ఇంగ్లండులో బార్న్స్‌లీ అనే బొగ్గుగనుల ఊరు. బిల్లీ కాస్పర్‌కు ఇంట్లో తండ్రి లేడు, అన్న గని కార్మికుడు. బడిలో దెబ్బలు, ఎగతాళి. చదువైపోగానే వాడూ గనిలోకి దిగాల్సినవాడేనని అందరి లెక్క. వాడు మాత్రం ఒక డేగను తెచ్చి, దుకాణంలో పుస్తకం దొంగిలించి మరీ చదివి, దాన్ని మచ్చిక చేసుకుంటాడు.

ఆ ఊరి జనం తమ యాసలోనే మాట్లాడతారు. విదేశాల్లో అర్థం కాదని కొన్ని మాటలకు మళ్లీ డబ్బింగ్ చెప్పించారు. ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషుకే ఆ గతి పట్టింది! మనిషిని మాటను బట్టి తక్కువ చేయడం దొరల దేశంలోనూ ఉందని అప్పుడు తెలిసింది.

ఒక క్లాసులో ఫార్దింగ్ సారు బిల్లీని లేపి డేగ గురించి చెప్పమంటాడు. నోరు విప్పని పిల్లవాడు దాని కాళ్లకు కట్టే తోలు పట్టీల నుంచి, అది మొదటిసారి ఎగిరి తన చేతిమీదికి వచ్చినదాకా చెబుతాడు. క్లాసంతా చెవులు రిక్కించి వింటుంది. తనకు తెలియని మాటలను సారే వాణ్ని అడిగి తెలుసుకుంటాడు.

అక్కడ మాకు గొంతు పట్టేసింది. మేము ఒకటో తరగతిలో దాహమేసి ‘ఏర్’ అన్నాం. మా కోయలో ఏర్ అంటే నీళ్లు. ఏటికి పోతామంటున్నామని సారు గద్దించి కూర్చోబెట్టారు. ఆ సారును ఇన్నేళ్లూ తిట్టుకున్నాం. కానీ టీటీసీ చేసి టీచర్లమయ్యాక, ‘క్లాసులో కోయ మాట్లాడొద్దు’ అన్నది మేమే కదా!

ఈ కథ రాసిన బ్యారీ హైన్స్ ఆ ప్రాంతపు గని కార్మికుడి కొడుకు, బడిలో పాఠాలు చెప్పినవాడు. అందుకే అందులో జాలి చూపు లేదు. 2002లో ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హమ్’ తీసిన గురిందర్ చద్దా కూడా లండన్ పంజాబీల మధ్య పెరిగిన మనిషే. అందులో కూతురిని ఫుట్‌బాల్ ఆడొద్దన్న తండ్రి, ఒకప్పుడు తలపాగా వల్ల క్రికెట్ క్లబ్బులో అవమానపడ్డవాడు. ఆయన భయం వెనకున్న గాయం ఇంటిమనిషికే తెలుస్తుంది. మన తెలుగు సినిమాల్లో ఆకులు కట్టుకుని హొయ్ హొయ్ అని గెంతే గూడెం మనలో ఎవరు రాసింది?

ఆ ఒక్క క్లాసు బిల్లీని కాపాడలేదు. చివరికి అన్న కోపంతో డేగను చంపేస్తాడు. అయినా ఆ రోజు వాడి మాట విన్నవాళ్లున్నారు.

జూన్‌లో బడి తెరిచాక మూడో తరగతి పాపను ఇప్పపువ్వు ఏరడం గురించి కోయలోనే చెప్పమన్నాం. తెల్లారకముందే లేవడం, చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చడం, గంప నింపడం అన్నీ చెప్పింది. ఆమె మాటలు బోర్డు మీద రాస్తుంటే ఒకచోట ఆగి, “అట్ల కాదు సార్” అంది. తుడిచి, ఆమె చెప్పినట్టే రాశాం.