బరకా దాకా

అడిస్ అబాబా నుంచి జిమ్మాకి దాదాపు 350 కిలోమీటర్లు. కిటికీ తెరిస్తే గాలికి జబ్బు చేస్తుందని బస్సులో అందరూ గొడవ, మూస్తే నాకు ఊపిరాడదు. గిబె లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కి, చేరాం. అంతకుమించి ఆ రోజు గురించి చెప్పడానికేమీ లేదు.

మా పిన్ని కొడుకు అక్కడి యూనివర్సిటీలో లెక్కలు చెబుతాడు. ఇథియోపియా కాలేజీల్లో పాఠాలు చెప్పిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున్నే నన్ను జిరెన్ కొండ మీది అబ్బా జిఫార్ ప్యాలెస్‌కి తీసుకెళ్ళాడు. చెక్క మేడ బాగుంది. కానీ నేనీ వ్యాసం రాస్తున్నది సాయంత్రం పక్కింటావిడ పోసిన కాఫీ గురించి.

కాఫీకి రమ్మని ఆవిడ కబురు పెడితే, ఐదు నిమిషాల్లో తాగి వచ్చేద్దాం అన్నాను. తమ్ముడు నవ్వి, "రాత్రి భోజనం ఆలస్యమైనా పర్లేదు కదన్నయ్యా?" అన్నాడు.

గదిలో నేలంతా పచ్చగడ్డి పరిచి ఉంది. ఆవిడ పొట్టి పీట మీద కూర్చుని, పచ్చి గింజల్ని రుద్ది రుద్ది కడిగి, బొగ్గుల కుంపటి మీద పెనం పెట్టి వేయించడం మొదలుపెట్టింది. గింజలు పసుపెక్కి, ఎర్రబడి, చిటపటలాడి, నూనె తేలి నల్లగా నిగనిగలాడేదాకా పెనం కదుపుతూనే ఉంది. అప్పుడా పెనాన్ని పొగలతో సహా తెచ్చి ఒక్కొక్కరి ముందూ పట్టింది. తమ్ముడు రెండు చేతులతో పొగని ముఖానికేసి తోసుకున్నాడు. హారతి కళ్ళకద్దుకున్నట్టు నేనూ అలాగే చేశాను.

తర్వాత గింజల్ని చెక్క రోట్లో దంచి, పొడిని జెబెనాలో పోసింది. జెబెనా అంటే గుండ్రటి అడుగు, సన్నటి పొడుగు మెడ ఉన్న నల్లటి మట్టి కూజా. అది కాగేలోపు నిప్పుల మీద ధూపం వేసింది, మొక్కజొన్న పేలాలు పంచింది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. చెవుల్లేని చిన్న కప్పులన్నిటినీ ఒకదానికొకటి ఆనించి పెట్టి, జానెడు ఎత్తునుంచి ధార తెగకుండా నింపుకుంటూ పోయింది. పాలు లేవు, చక్కెర మాత్రం ధారాళం. పాలు లేని కాఫీ జన్మలో ముట్టనివాణ్ణి, ఆ కప్పు మారు మాట్లాడకుండా తాగేశాను.

అది అబోల్, మొదటి విడత. కప్పులు కడిగి, అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి కాస్తే తోనా. ఇంకోసారి పోస్తే బరకా, అంటే దీవెన. అది పుచ్చుకోకుండా లేచిపోవడం మర్యాద కాదట.

అరబికా కాఫీ పుట్టిల్లు ఈ నైరుతి ఇథియోపియా అడవులే. మేకల్ని చూసి కాపరి కనిపెట్టాడన్న కథ నేను నమ్మను గానీ, ఇక్కణ్ణుంచి యెమెన్‌కీ, యెమెన్ నుంచి బాబా బుడన్ తెచ్చాడని చెప్పుకునే ఏడు గింజలతో చిక్కమగళూరుకీ పాకిన దారి మాత్రం భలే ఇష్టం. ఇథియోపియాలో పండిన కాఫీలో దాదాపు సగం ఆ దేశంలోనే తాగేస్తారు. ఈ గది చూశాక అదేమంత వింతనిపించలేదు.

నీళ్ళ కాఫీ రెండోసారి, మూడోసారి చేతికొస్తుంటే నాకు మా ఇంటి ఇత్తడి ఫిల్టరు గుర్తొచ్చింది. చిక్కటి మొదటి డికాక్షన్ నాన్నకీ, ఆయన కోసం వచ్చిన పెద్దమనుషులకీ. అదే పొడి మీద మళ్ళీ వేణ్ణీళ్ళు పోసి దింపిన రెండోది పనిమనిషికీ, వేళ కాని వేళలో దిగిన చుట్టాలకీ. గ్లాసులో రంగు చూసి ఎవరి హోదా ఎంతో చెప్పొచ్చు. పలచటి కాఫీ ఇచ్చారని ఏళ్ళ తరబడి మాట్లాడుకోని బంధువులు మాకున్నారు. ఇక్కడ చిక్కటిదీ పలచటిదీ అందరికీ సమానంగా వచ్చింది, పైగా అన్నిటికన్నా పలచటిదానికే ఎక్కువ గౌరవం.

అలాగని మురిసిపోనక్కర్లేదు. కడగడం, వేయించడం, దంచడం, పొయ్యడం అంతా ఆవిడొక్కతే చేసింది. మగవాళ్ళం కూర్చుని పేలాలు నమిలాం. ఆ ముచ్చటలో మనకీ వాళ్ళకీ తేడా లేదు. కానీ ప్రతి విడతలోనూ ఆవిడ కప్పు కూడా మా కప్పుల మధ్యే ఉంది.

రెండో డికాక్షన్ సంగతి తమ్ముడి చేత ఆవిడకి చెప్పించాను. ఆవిడ విని, "మరి మీ అమ్మగారికి ఏది?" అని అడిగింది. రెండోదే, అందరికీ ఇవ్వగా మిగిలితే, అన్నాను. "ఎవరితో కూర్చుని తాగేది?" అంది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు ఏదో చెప్పేశాడు. ఏం చెప్పావురా అంటే, "ఎవరితోనూ కాదన్నాను. పెద్దమ్మేమిటి, మా అమ్మ కూడా అంతేగా, వంటింట్లో నిలబడే తాగేది" అన్నాడు.

ఆవిడ మా పిన్ని వయసెంతో అడిగింది. ఆ మీదట మాటలు ఇంటి అద్దెల మీదికి మళ్ళాయి.