ముప్పై లీటర్ల బ్యాగు

కొత్త బ్యాగు కొందామని నిన్న ఖమ్మం పోయా. షాపతను అరవై లీటర్లది కిందకి దించి, "దీంతో హిమాలయాలకైనా పోవచ్చు సార్" అన్నాడు. నేను పోయేది సికింద్రాబాద్, అదీ రెండ్రోజులకి. దారిలో డోర్నకల్, మహబూబాబాద్, కాజీపేట వస్తాయి గానీ హిమాలయాలు రావు.

మా కారేపల్లి పేరుకి జంక్షనే. డోర్నకల్ నుంచి వచ్చిన లైను ఇక్కడ ఇల్లెందు వైపు ఒకటి, కొత్తగూడెం మీదుగా మణుగూరు వైపు ఒకటిగా చీలుతుంది. ఇదంతా బొగ్గు వేసిన దారి. బండి మాత్రం ఇలా ఆగి అలా కదులుతుంది. జనరల్ బోగీ తలుపు దగ్గర వీపున బ్యాగుంటే అది వెనకవాడి మొహంలోనే ఉంటుంది. పొట్ట మీదకి తిప్పుకుంటేనే లోపలికి దూరేది. జిప్పు కూడా కళ్ళముందుంటుంది.

రైల్వే జనరల్‌లో 35 కిలోలు, స్లీపర్‌లో 40 కిలోలు ఉచితంగా తెచ్చుకోమంటుంది. సికింద్రాబాద్‌లో దిగి మెట్లెక్కే నా మోకాళ్ళకి ఆ రూలు తెలీదు.

అందుకే ముప్పై లీటర్లది తీసుకున్నా. సూట్‌కేసులా మొత్తం తెరుచుకుంటుంది. అడుగున ఉన్న తువ్వాలు కోసం బోగీలో అన్నీ బయట పరవక్కర్లేదు. సీటు కిందా పడుతుంది.

ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ అడిగింది ఒకటే: "పచ్చడి సీసా నిలబడుద్దారా ఇందులో?"

నిలబడుద్ది. సీతాఫలాలే పట్టవు. వాటికి మళ్ళీ బియ్యం సంచే.