గ్లిజరిన్ అక్కర్లేని ఏడుపు

సినిమాల్లో కన్నీళ్ళు ఎలా వస్తాయో మీకు నేను చెప్పాలా! సీను ముందు మేకప్‌మన్ వచ్చి గ్లిజరిన్ పెట్టి పోతాడు. కెమెరా తిరుగుతుంది, తార కుమిలిపోతుంది, హాల్లో మనం రుమాళ్ళు వెతుక్కుంటాం. గ్లిజరిన్‌తో పనిలేని వాళ్ళు ఏ కొద్దిమందో. 2018లో వచ్చిన 'మహానటి' చూసినవాళ్ళకి గుర్తుండే వుంటుంది, సావిత్రి పాత్ర ఒక్క కంటి నుంచి అడిగినన్ని చుక్కలే రాల్చే దృశ్యం. నేనూ చప్పట్లు కొట్టాను.

కొట్టాను గానీ, అంతకు మించిన తార మా ఇంట్లోనే వుంది. వయసు రెండున్నరేళ్ళు. నా మేనకోడలు. నీళ్ళ చెంబు చూపిస్తే చాలు, రెండు కళ్ళూ ముక్కూ ఒకేసారి స్టార్టు! రెండో టేకు అక్కర్లేదు.

మాది నాయుడుపేట. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మాట తీరులో ఇంకా నెల్లూరోళ్ళమే. అక్క మేనకూరు సెజ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. వారంలో ఆరు రోజులు పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. అప్పటికి పిల్ల సగం నిద్రలో వుంటుంది. ఇక మిగిలింది ఆదివారం. ఆదివారం ఏం చేస్తారు? తలకి పోస్తారు! తల్లి దొరికే ఒక్క రోజూ ఏడుపుతోనే మొదలు. పోను పోను పిల్లకి అమ్మంటే చెంబు, చెంబంటే అమ్మ అయిపోయింది. ఒక ఆదివారం అక్క ఉత్తి చేతులతో, ఊరికే ఎత్తుకుందామని పోతే, పిల్ల మంచం కిందికి దూరింది. అక్క ఏమీ అనకుండా వంటింట్లోకి పోయి చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడింది. "ఇంట్లో విలన్ని నేనే అయిపొయ్యాన్రా" అంది చివరికి. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు బాగాలేదు.

"మేనమామ వుండేది ఎందుకంట? తిరుమలలో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు నీ ఒళ్ళోనే గదా కూర్చోబెట్టింది. తలకి పోసేదీ నువ్వే పొయ్యి" అని తీర్పు చెప్పేసింది మా అమ్మ. ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు పీట మీద కూర్చోనివ్వవు. పత్రికలకి రాసుకుంటూ ఇంట్లో వుండేవాణ్ణి నేనే, ఇంక సాకేముంది! విలన్ వేషం నాకు వచ్చిపడింది.

విలేఖరి బుద్ధి గదా, నీళ్ళు కాగేలోపు విచారణ మొదలుపెట్టాను. ఏడాది లోపు ఈ పిల్ల ఏడ్చేది కాదే, ఎందుకని? అప్పుడు మా అమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి పోసేది. ఎడంచెయ్యి నుదుటికి అడ్డం. నీళ్ళు వెనక్కి జారిపోయేవి, కళ్ళ వైపు రావడానికి దారే లేదు. పిల్ల కళ్ళెదుట అమ్మమ్మ మొహం. కాళ్ళకి పట్టనంత పెరిగాక కూర్చోబెట్టి పోయడం మొదలైంది. నెత్తిన పడ్డ నీళ్ళు తిన్నగా కళ్ళలోకే! పైగా పోసే మనిషి వెనక వుంటుంది. చెంబు ఎప్పుడొచ్చి పడుతుందో తెలీదు. చీకట్లో వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యేస్తే మనం మాత్రం కెవ్వుమనమూ? దయ్యాల సినిమాలు ఆడేదే ఆ కిటుకు మీద!

ఇక మంట సంగతి. కుంకుడుకాయలో నురగనిచ్చేది సపోనిన్ అనే పదార్థం. ఆ చెట్టుకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సపిండస్', అంటే లాటిన్‌లో ఇండియా సబ్బు అని. పేరు గొప్పదే, కంట్లో పడితే మాత్రం కారం పడ్డట్టే. అందుకే పెద్దవాళ్ళు తలంటేటప్పుడు పిల్లల నాలిక మీద ఇంత ఉప్పు వేసేవాళ్ళు, మంట తగ్గుతుందని. తగ్గేది ఉప్పు వల్లనా, చప్పరించే సందట్లో ఏడుపు మరిచిపోవడం వల్లనా అంటే నా ఓటు రెండోదానికే. రెండేళ్ళ పిల్ల నోట్లో ఉప్పుకల్లు వేస్తే గొంతుకి అడ్డం పడుతుందని నాకు భయం. కుంకుడు ఇంకొన్నేళ్ళు ఆగొచ్చు.

అందుకని బేబీ షాంపూ తెచ్చాను. ఇక కన్నీళ్ళుండవంటూ జాన్సన్ కంపెనీ అమెరికాలో ఇలాంటిదాన్ని అమ్మడం మొదలుపెట్టింది 1950లలో. కళ్ళు మొద్దుబారే మందేదో కలుపుతారని ఒక పుకారుంది. అదేం లేదు. మురికి వదిలించే పదార్థాల్లో కంటిపొరని అంతగా రేపని మెత్తటి రకాలు వాడతారు. పులుపూ క్షారమూ కన్నీళ్ళకి దగ్గరగా వుండేట్టు చూస్తారు. కొట్టులో దండల్లా వేలాడే పెద్దవాళ్ళ షాంపూ పొట్లాలు పసిపిల్లలకి వద్దనేది అందుకే.

అన్నట్టు, షాంపూ అనే మాట మన దేశానిదే తెలుసా! హిందీలో 'చాంపో' అంటే నొక్కు, పట్టు అని. అది ఇంగ్లండు పోయి, సీసాలో దూరి, దొరసానిలా తిరిగొచ్చింది. 1957లో గురుదత్ 'ప్యాసా'లో జానీవాకర్ జనానికి తల పడుతూ తిరిగేది ఆ చంపీ కోసమే.

సరే, షాంపూ మారింది. ఏడుపు మారలేదు! మంట లేకపోయినా ఏడుస్తోందంటే అసలు దోషి వెనక నుంచి వచ్చే చెంబేనన్నమాట.

దారి చూపింది రాకెట్టు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు మా వూళ్ళో పిల్లాజెల్లా మిద్దెలెక్కి, మెడలు వెనక్కి వాల్చి ఆకాశం చూస్తారు. మా పిల్ల కూడా నా భుజమ్మీంచి చూసి రెండ్రోజులు "నాకెట్, నాకెట్" అంటూ తిరిగింది. వెనక్కి వాలిన ఆ మెడ చూశాక తట్టింది, తలకి పోసేటప్పుడు కావలసింది సరిగ్గా ఆ మెడే అని!

మళ్ళీ ఆదివారం వెనక కాకుండా ఎదురుగా కూర్చున్నాను. ముందు బొమ్మకి పోశాం. తర్వాత పిల్ల నా నెత్తిన పోసింది, చాలా ఇష్టంగా పోసింది. చెంబు మానేసి చిన్న గ్లాసు. మోచెయ్యి ముంచి చూసుకున్న గోరువెచ్చటి నీళ్ళు. మడతపెట్టిన పొడి తువాలు పిల్ల చేతికే ఇచ్చాను, కావాలంటే కళ్ళకి అద్దుకోమని. "నాకెట్ ఏదీ?" అన్నాను. మెడ పైకి లేచింది. నా ఎడంచెయ్యి నుదుటికి అడ్డం, అచ్చం మా అమ్మ పెట్టినట్టే. "మూడు... రెండు... ఒకటి!" గ్లాసుడు నీళ్ళు వెనక్కి జారిపోయాయి. పిల్ల కళ్ళు ఆర్చింది. వెక్కింది. ఏడవాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించింది. అంతలో రెండో రాకెట్టు!

మా ఇద్దరికీ ఒక ఒప్పందం. "ఆపు" అంటే ఆపాలి, నెత్తిన నురగ వున్నా సరే. లెక్క పూర్తికాకుండా చుక్క పడకూడదు. ఒక్కసారి మాట తప్పితే మళ్ళీ మొదటి రీలే. అయినా పొరపాటున కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో కడగాలి. ఇంకొకటి, నవ్వులాట కాని మాట. ఫోను మోగిందని పిల్లని బకెట్టు దగ్గర వదిలి లేవకండి. పసిపిల్లల ప్రాణం పోవడానికి బకెట్టు నిండి వుండక్కర్లేదు.

నాలుగో ఆదివారం అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికి రాలేదు. తను కనబడితే ఏడుస్తుందేమోనని. పిల్లే చూసింది. "అమ్మా, నాకెట్!" అంది, గ్లాసు పైకెత్తి చూపిస్తూ. అక్క కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. చెయ్యి ఎట్టా పెట్టాలో చెప్పబోతే "నాకు తెలుసులే, పోరా" అంది. నా వేషం అంతటితో అయిపోయింది.

ఇప్పుడు లెక్క పిల్లే పెడుతుంది. రెండు అనే అంకె ఇంకా రాలేదు. మూడు తర్వాత సూటిగా ఒకటే. అందుకని మా అక్క గ్లాసు కాస్త ముందే ఎత్తి పట్టుకుంటుంది.