గిన్నె అడుగున

సిరోంచలో మేము ఇంట్లో పింగాణి అనేవాళ్ళం. బడిలో మరాఠీ మాస్టారు దాన్నే చీనీ మాతీ అనేవారు. మన మాట పారసీ నుంచి వచ్చింది, వాళ్ళ మాట దేశం పేరు పెట్టుకుని వచ్చింది. రెండూ మా ఊరగాయ జాడీకే వాడుక. ఆ జాడీ చైనా ముఖం ఎన్నడూ చూసి ఉండదు, అది వేరే సంగతి.

అసలు చైనా సరుకు చూడాలంటే మాకు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమే. విషం కలిసిన అన్నం వడ్డిస్తే పగులుతాయని పూర్వం నవాబులు నమ్మిన ఆకుపచ్చ పళ్ళేలు చూడవలసినవి. వాటిని ఘోరీ పళ్ళేలనేవారు.

నాకు వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ ఇంట్లో నీలిపూల గిన్నె ఉంది. ఈ తాలూకా నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో ఒక అధికారి ఆమె మామగారి ముత్తాతకు బహుమానంగా ఇచ్చాడని కథ. లక్షలు పలుకుతుందని ఎవరో అన్నారు. అంతే, ఇద్దరు కొడుకుల పంపకాలు ఆ గిన్నె దగ్గర ఆగిపోయాయి.

"నువ్వు జర చూసి చెప్పు బిడ్డా, వీళ్ళు కొట్లాడకుండ" అంది పెద్దమ్మ. బ్యాంకులో బంగారం మీద అప్పులిచ్చేవాడికి అన్నీ తెలుసని ఆమె నమ్మకం. గీటురాయి పట్టేది అప్రైజరు గాని నేను కాదని చెప్పినా వినలేదు.

ఇలాంటి వాటిలో అందరూ ముందు అడుగున ఉన్న ముద్ర చూస్తారు. నన్నడిగితే అంత నమ్మరాని సాక్షి ఇంకొకటి లేదు. కాంగ్షీ చక్రవర్తి కాలం (1662-1722) కుమ్మరులు తమ గిన్నెల మీద రెండు వందల ఏళ్ళ కిందటి చెంగ్‌హ్వా చక్రవర్తి పేరు రాశారు. అదంతా మోసమనలేం. పాత పనితనం మీద గౌరవం కూడా ఉంది. 19వ శతాబ్దం చివర్లో కాంగ్షీ పేరుకూ అదే జరిగింది. అంటే నకలు అనుకున్నదే మూడు వందల ఏళ్ళది కావచ్చు.

ముద్రకన్నా గిన్నె ఆనే అంచు నయం. అక్కడ మెరుపు పూత ఉండదు, మట్టి బయటపడుతుంది. ఏళ్ళ తరబడి వాడిన గిన్నెకు అరుగుదల నున్నగా, గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది ముసలిదాన్ని చేస్తే గీతలు ఒకే వరసలో పడతాయి. పైన పూసిన మురికి కూడా అంతటా ఒకే మందాన ఉంటుంది.

పెద్దమ్మ గిన్నెకు ఇంత అవసరం పడలేదు. తిరగేస్తే, చైనా అని ఇంగ్లీషు అక్షరాలు.

"చైనాదని రాసే ఉంది గద అన్నా" అన్నాడు పెద్దకొడుకు.

చైనాదే. కాని దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసి 1891 నుంచి అమలు చేసింది. ఆ అక్షరాలు మామూలుగా అటు తర్వాతి ఎగుమతి సరుకు మీదే కనబడతాయి. గోదావరికి ఇవతలి మన తాలూకాను నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నది 1860లో. కథకూ గిన్నెకూ ముప్పై ఏళ్ళ ఎడం.

అంతదాకా నాదంటే నాదన్న అన్నదమ్ములు, నువ్వే ఉంచుకో అంటే నువ్వే ఉంచుకో అన్నారు. పెద్దమ్మ గిన్నెను కొంగుతో తుడుస్తూ, "మరి మా మామ అబద్ధమాడిండా బిడ్డా?" అంది. ఆయనకు వాళ్ళ నాయన చెప్పి ఉంటాడు అన్నాను. ఆమె గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.