వచ్చిపోయే చిటపట

వాల్వు ప్రీయాంప్లిఫయరును సొంతంగా కట్టుకున్నవాడికి ఎదురయ్యే దోషాల్లో అసలు మోగకపోవడం చాలా చిన్నది. మీటరు పట్టుకుని కూర్చుంటే దొరికిపోతుంది. ఎడతెగని హమ్ కూడా ఫరవాలేదు. ఎక్కడికీ పోదు కనక తీరిగ్గా వెతుక్కోవచ్చు. అసలు పరీక్ష వచ్చిపోయే చప్పుడుతోనే. కాసేపు బుద్ధిగా పాడుతుంది. సరిగ్గా ఘంటసాల గొంతెత్తిన చోట చిటపటలు మొదలుపెడుతుంది. మూత విప్పి చూడబోతే, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెళ్ళికొడుకంత ఒద్దికగా ఉంటుంది.

ఇలాంటప్పుడు చాలామంది అనుమానం ఉన్నవన్నీ మార్చేస్తారు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి రెసిస్టెన్సులూ కండెన్సర్లూ సంచీడు తెచ్చి, ఓ ఆదివారం పొద్దంతా సోల్డరింగు చేస్తారు. చప్పుడు పోతుంది. ఏది మారిస్తే పోయిందో తెలీదు. నిజంగా పోయిందో, పక్కనున్న డ్రై సోల్డరు ఆ వేడికి నాలుగు రోజులు అతుక్కుందో కూడా తెలీదు. నా లెక్కలో ఇది బాగుచేయడం కాదు. వచ్చిపోయే చప్పుణ్ణి పోగొట్టే ముందు మనం కోరినప్పుడు రప్పించగలగాలి. పిలిస్తే పలికే దోషానికి మందు సులువు.

అందుకు ముందు వినాలి. ఒకే శ్రుతిలో గుయ్‌మనేది కరెంటు తాలూకు హమ్. మన సరఫరా 50 హెర్ట్జులది కాబట్టి హీటరు తీగల నుంచి వచ్చేది ఆ శ్రుతిలోనే ఉంటుంది. ఫుల్‌వేవ్ రెక్టిఫయరు దాటాక మిగిలేది 100 హెర్ట్జులది, కొంచెం కరుకు. సన్నటి సుయ్‌మనే హోరు వేడి ఉన్న ప్రతి రెసిస్టెన్సుకూ సహజం. జాన్సన్, నైక్విస్ట్ 1928లోనే దాని లెక్క తేల్చి ప్రచురించారు. దాన్ని తగ్గించుకోవచ్చు గాని, పూర్తిగా వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. చిటపటలూ టపటపలూ వేరు: ఎక్కడో కరెంటు నడిచే దారి నిలకడ తప్పిందన్నమాట.

చప్పుడు వస్తుండగా వాల్యూమ్ తిప్పి చూడండి. దానితోపాటు పెరిగి తగ్గితే దోషం వాల్యూమ్ కంట్రోలుకు ముందు, ఏమీ మారకపోతే తర్వాత. ఒక్క తిప్పుతో సగం పెట్టె మీద అనుమానం తీరిపోతుంది. ఆ తర్వాత, స్విచ్చి ఆపి చల్లారనిచ్చి, ఎడమ చానెల్ వాల్వునూ కుడి చానెల్ వాల్వునూ తారుమారు చేయాలి. చప్పుడు వాల్వు వెంట అటు వెళ్తే తప్పు వాల్వుది, ఉన్నచోటే ఉంటే సర్క్యూట్‌ది. రెండూ కాక ఏకంగా మాయమైతే సంతోషించకండి. వాల్వును తీసి పెట్టడంలోనే పిన్నుల మీది చిలుము గీరుకుపోతుంది. వాల్వు కూర్చునే బేసు చాలా అనుమానించదగ్గ మనిషి. లోపలి క్లిప్పులు వదులైతే వేడికి సాగినప్పుడల్లా పట్టు తప్పుతుంది. ఇది గమనించకుండానే ఎంతోమంది కొత్త వాల్వుకు డబ్బు పోస్తారు. బెంగళూరు బి.ఇ.ఎల్. రేడియో వాల్వులు చేసిన రోజులు పోయి, రష్యా, స్లొవేకియా, చైనా సరుకు మీద బతుకుతున్న మనకు అదేం చిన్న ఖర్చు కాదు.

ఇక ఎండిన వెదురుపుల్ల. పెట్టె పనిచేస్తుండగా దాని కొసతో ఒక్కొక్క అతుకునూ, తీగనూ, కండెన్సరునూ మెల్లగా తడతారు. మొదటి స్టేజీ 12ఏఎక్స్7 వాల్వును తాకితే ఎంత మంచిదైనా కాస్త టింగుమంటుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఒకచోట తట్టినప్పుడల్లా చిటపట లేస్తేనే అక్కడ ఆగాలి. తట్టడానికి లొంగనివి వేడికి లొంగుతాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు గాలిని ఒక్కో మూలకే పట్టిస్తే, చప్పుడు ఎప్పుడో వచ్చేదాకా ఎదురుచూసే పని తప్పుతుంది.

వేడికి బయటపడేవాటిలో నాకు మొదటి అనుమానం పాతకాలపు కార్బన్ కాంపోజిషన్ ప్లేటు రెసిస్టెన్సు మీద. లక్ష ఓముల రెసిస్టెన్సులో 1 మిల్లీ ఆంపియరు పారితే కొసల మధ్య 100 వోల్టులు. ఆ వోల్టేజీ కింద లోపలి బొగ్గు రేణువుల మధ్య కరెంటు నిలకడగా నడవదు. మొదటి స్టేజీలో పుట్టిన ఆ గోలను తర్వాతి స్టేజీ పెంచి మరీ వినిపిస్తుంది. మెటల్ ఫిల్మ్ వేస్తే ఈ పీడ దాదాపు ఉండదు. రెండోది కప్లింగ్ కండెన్సర్. దాన్లోంచి 1 మైక్రో ఆంపియరు లీకైనా, 1 మెగోము గ్రిడ్ రెసిస్టెన్సు మీద 1 వోల్టు నిలుస్తుంది. 12ఏఎక్స్7కు మామూలుగా పెట్టే బయాసే ఒకటి, ఒకటిన్నర వోల్టు! వాల్యూమ్ తిప్పినప్పుడల్లా గరగరమంటే కంట్రోలును తిట్టేముందు దాని మీదికి డీసీ వస్తోందేమో కొలవండి.

కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి. లోపల 250, 300 వోల్టులు ఉంటాయి, స్విచ్చి ఆపాక కూడా ఫిల్టర్ కండెన్సర్లు వాటిని దాచుకుంటాయి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి మెరుపులు చూడ్డం మెకానిక్కుల సరదా. దాన్ని నేర్చుకోకండి. తగిన రెసిస్టెన్సు ద్వారా ఖాళీ చేసి, మీటరులో సున్నా కనిపించాకే చెయ్యి పెట్టండి.

దోషం దొరికి, భాగం మార్చాక, తీసేసినదాన్ని వెంటనే చెత్తబుట్టలో వెయ్యకండి. ఓసారి దాన్నే మళ్ళీ పెట్టి చూడండి. చిటపట తిరిగొస్తే కొత్తదాన్ని ధైర్యంగా సోల్డరు చేసుకోవచ్చు. రాకపోతే పెట్టెకు మూత బిగించకండి.