పుక్కిట నూనె

గత శీతకాలంలో మా చిగుళ్ళ నుండి రక్తం రాసాగింది. ఫజ్ర్ నమాజు కొరకు వుజూ చేస్తూ పుక్కిలించిన ప్రతిసారీ నీరు ఎర్రబారేది. మిస్వాక్ ఏనాడూ మానని మాకు ఈ బాధ ఏమిటని ఆశ్చర్యపోయాము. అందులో కొంత గర్వం కూడా లేకపోలేదు. కోదాడలోని మా ఆపా సంగతి విని, మిర్యాలగూడలో గానుగ ఆడించిన నువ్వుల నూనె ఒక సీసా పంపి, పరగడుపున పుక్కిట పట్టమన్నారు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఆయుర్వేద గ్రంథాలలో గండూషం, కవలం అనే పేర్లతో ఉన్నదే. 1990లలో బెంగుళూరు వాసి తుమ్మల కోటేశ్వరరావు గారు ఆయిల్ పుల్లింగ్ పేరిట దీనిని తెలుగువారిలో ప్రచారం చేశారు. సర్వరోగాలూ పోతాయన్న మాటను మేము అప్పుడూ నమ్మలేదు.

తహజ్జుద్ తరువాత ఒక చెంచా నూనె నోట పోసుకుని పదిహేను నిమిషాలు పుక్కిలించేవాళ్ళము. నూనె పలచబడి పాలవలె తెల్లబడేది. దానిని ఉమ్మివేయాలి, మింగరాదు. కనుక రోజా స్థితిలో ఇది తగదు. ఒకనాడు ఒక విద్యార్థి ఎదురుపడి సలాము చేశాడు. మేము కాలువ వద్దకు పరుగెత్తి, ఉమ్మి, జవాబు చెప్పేసరికి అతడు వెళ్ళిపోయాడు!

నెల తిరిగేసరికి నోటి దుర్వాసన తగ్గింది, రక్తం మాత్రం పూర్తిగా ఆగలేదు. అయినా ఈ విషయాన్ని తరగతిలో గొప్పగా చెప్పాము. అంతటితో ఆగక, మర్రిగూడ వైపు నుండి వచ్చి చదువుకుంటున్న పదమూడేళ్ళ బాలుణ్ణి లేపి, "బేటా, నీ పళ్ళ మీది ఆ గోధుమరంగు చారలేమిటి? శుభ్రత నేర్చుకో, నూనె పట్టు" అన్నాము. పిల్లలు నవ్వారు.

కొన్నాళ్ళకు వంటశాలలో పామోలిన్ తరిగిపోతున్నదని వంటమనిషి ఫిర్యాదు చేశాడు. చూడగా, ఆ బాలుడు రాత్రివేళ గోడచాటున నూనె పుక్కిలిస్తున్నాడు. నలభై రోజులుగా, రోజూ అరగంట! చారలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ నూనె ఖరీదు మేమే వంటశాలకు చెల్లించి, అతణ్ణి సూర్యాపేటలోని ఒక దంతవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము.

వైద్యుడు ముందు మా నోరు చూశాడు. చిగుళ్ళ అంచున గార రాయిలా గట్టిపడిందట. దానిని నూనె గానీ మిస్వాక్ గానీ కరిగించలేదు, పరికరంతో గీకి తీయవలసిందే. తీసిన తరువాత కొద్ది రోజులలోనే రక్తం ఆగింది, అల్ హమ్దు లిల్లాహ్.

తరువాత బాలుణ్ణి చూసి, "ఇది మురికి కాదు, ఫ్లోరైడ్" అన్నాడు. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీరు త్రాగిన పసివాళ్ళకు చిగురులోపల పళ్ళు రూపుదిద్దుకునే దశలోనే పింగాణీ పొర చెడుతుంది. మచ్చ పైన అంటినది కాదు గనుక ఎంత తోమినా పోదు.

2016లో సూర్యాపేట వేరు జిల్లా అయినది గానీ, మేము పుట్టిపెరిగినది ఉమ్మడి నల్లగొండలోనే. నీటిలోని ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికే నల్లగొండ పేరున్నది. ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన నడుములను బాల్యం నుండి చూశాము. ఒక పిల్లవాని పళ్ళు చూసినప్పుడు మాత్రం మాకు అది తోచలేదు.

ఏ తరగతిలో అవమానించామో అదే తరగతిలో నిలబడి అతణ్ణి క్షమాపణ కోరాము. అతడు తలవంచుకుని, "హజ్రత్, మా అమ్మీ పళ్ళు కూడా ఇలాగే ఉంటాయి" అన్నాడు.

ఆపా పంపిన సీసాలో నూనె ఇంకా కొంత మిగిలి ఉన్నది. బాలుడు మాతో మునుపటివలెనే మాట్లాడుతున్నాడు. నవ్వు వచ్చినప్పుడు మాత్రం ఇంకా చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.