కనబడని పనికే మొదటి రూపాయి

పేట్ బషీరాబాద్‌లో మా ఇల్లు పాతది. పడకగదికి ఆనుకొని ఉన్న బాత్‌రూమ్ గోడలకు చెమ్మ దిగి, గచ్చు పాచిపట్టి జారుతుండేది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. అందుకే చీటీ డబ్బు చేతికి రాగానే ఆ పని తలపెట్టాం.

పిల్లలు రంగురంగుల టైల్స్, అద్దాల తలుపు కావాలన్నారు. నేను, మావారు కాగితం మీద ముందుగా కంటికి కనబడని ఖర్చు రాశాం: పైపులు, వాటర్ ప్రూఫింగ్ పూత, గీజరుకు ఎర్తింగ్, కరెంటు లీకైతే తానే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్. తర్వాత గరుకు టైల్స్, కమోడు, పట్టుకొని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ. అందం చివరి వరుసలో. నూటికి పది రూపాయలు విడిగా ఉంచాం. పాత గోడ పగలగొడితేగాని లోపలి సంగతి తెలియదు కదా! మేడ్చల్ రోడ్డు మీది దుకాణాల్లో మూడుచోట్ల ధరలు అడిగాకే సామాను కొన్నాం.

పూత ఆరాక, టైల్స్ పరచకముందే, గచ్చు మీద రెండు రోజులు నీళ్లు నిలగట్టించాం. మేస్త్రీ విసుక్కున్నాడు. మరునాడే బయటి గోడకు, పైపు వెళ్లేచోట, చెమ్మ కనబడింది. విడిగా ఉంచిన సొమ్ముతోనే దాన్ని సరిచేయించాం. అద్దాల తలుపు మాత్రం రాలేదు.

సోదరీ సోదరులారా, ధరలు విచారించే ముందు మీ ఇంటి పెద్దలను అడగండి: "లోపల ఎక్కడ పట్టు దొరకడం లేదు?" అని. చేతిలో కొద్ది డబ్బే ఉంటే కడ్డీ, గరుకు గచ్చు ముందు చేయించండి. మిగిలినవి నిదానంగా చేయించుకోవచ్చు.